నూనె నిండుకుంది

మా ఏలూరులో కొట్టు పెట్టుకున్నవాడెవడూ "లేదు" అనడు. ఆ మాట వాళ్లకి చేతకాదు. కిరసనాయిలు ఉందా అని అడిగితే "ఇప్పుడే అయిపోయిందండీ" అంటారు. రేషను కిరసనాయిలు ఆగిపోయి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు. అయినా మొన్న చలికాలంలో ఒక్క పూటలో నేను తొమ్మిది కొట్లు తిరిగితే, తొమ్మిదింటిలోనూ అది నేను గుమ్మం ఎక్కడానికి అయిదు నిమిషాల ముందే అయిపోయింది. ఒకాయనైతే వీధిలో వెళ్తున్న మనిషిని వేలు పెట్టి చూపించి, "అదిగోనండీ, ఆయన పట్టుకెళ్లిందే ఆఖరు" అన్నాడు. నేను తల తిప్పి చూశాను. ఆ మనిషి చేతిలో ఉన్నది కొత్తిమీర కట్ట.

నాకు ఒళ్లు మండిపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి వీళ్లకేం రోగం? నేను ముప్పై ఏళ్లు తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని. ఖాళీ సీసాని ఖాళీ అనే అనాలి, లేకపోతే ల్యాబులో ఎవరి చెయ్యో కాలుతుంది.

మా అమ్మ ఒప్పుకునేది కాదు. ఇంట్లో బియ్యం అయిపోతే "అయిపోయాయి" అననిచ్చేది కాదు. "నిండుకున్నాయి" అనాలి. డబ్బా బోర్లించి తట్టినా ఒక్క గింజ రాలదు, అయినా నిండుకున్నాయే. దీపం ఆర్పమనడం అంతకన్నా పెద్ద తప్పు. "దీపం ఘనం చెయ్యి" అనాలి. ఉఫ్ మని ఊదిపారేసేదాన్ని పట్టుకుని గొప్ప చెయ్యమనడం ఏమిటని లంగా ఓణీల నాటినించీ అమ్మతో పోట్లాడాను. మా అక్క పోట్లాడేది కాదు. అక్క నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. అమ్మ దగ్గరున్న మెత్తటి మాటలన్నీ తను తీసేసుకుంది, నాకు పీరియాడిక్ టేబులు మిగిలింది.

ఈ తేడా వల్లే మా అక్క పది నెలలపాటు నాతో మాట్లాడలేదు.

అక్కావాళ్లది కొల్లేటికోట. చేపల చెరువు గట్టు మీదే ఇల్లు. బావగారికి గుండె బాగాలేదని ఏలూరు ఆసుపత్రిలో చేర్చాం. నాలుగు రోజులు అక్క ఆయన దగ్గరే ఉంది. అయిదో రోజు సాయంత్రం, బట్టలు తెచ్చుకుంటానని ఊరెళ్లింది. నేను ఆయన దగ్గర కూర్చున్నాను. మర్నాడు పొద్దున్న కాఫీ అడిగారు, నాతో రెండు మాటలు మాట్లాడారు, గంటలో పోయారు. నేను బయటి వరండాలోకొచ్చి అక్కకి ఫోను చేశాను. ఏం చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అక్కా, బావగారు చచ్చిపోయారు" అన్నాను.

 అక్క, "కుక్క చచ్చిందన్నట్టు చెప్పావు కదే" అంది. ఫోను పెట్టేసింది.

ఆ తరవాత నా ఫోను ఎత్తలేదు. కార్యక్రమాలన్నీ జరిగాయి, నేను వెళ్లాను, వంటలు చేశాను, నా వైపు తిరగలేదు. తప్పు నాదే. అది నాకు ఆ వరండాలో నిలబడ్డప్పుడే తెలుసు. కానీ నన్ను తినేసింది ఆ తప్పొకటే కాదు. ఆ పొద్దున్న బావగారు అక్కకి చెప్పమని నాకొక మాట చెప్పారు. చిన్న మాట. ఒకరకంగా పనికిమాలిన మాట. అయినా ఆయన ఆఖరున ఆవిడకి పంపిన కబురు అది. దాన్ని ఎవరితోనో చెప్పించడానికి నాకు మనసొప్పలేదు, నేను చెబుదామంటే ఆవిడ వినదు. పది నెలలు అది నా దగ్గరే ఉండిపోయింది.

ఇంతలో మా అల్లుడు దిగాడు.

అల్లుడిది వరంగల్ వైపు. మనిషి బంగారం. ఒక్కటే జబ్బు, క్యాంపింగు. హైదరాబాదులో శుభ్రమైన ఫ్లాటు ఉంచుకుని శని ఆదివారాలు గుట్టల మీద గుడారం వేసుకుని పడుకుంటాడు. ఈసారి కొల్లేటి పక్షులు చూడాలన్నాడు. మా అమ్మాయికి సెలవు దొరకలేదు. గుడారం ఎక్కడ వెయ్యాలో కనుక్కోడానికి పెద్దత్తగారికి ఫోను చేశాడు. నేను పక్కనే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

"రండి బాబూ, మా గట్టు మీదే వేసుకోండి" అంది అక్క. "మీ పెదమావగారి గ్యాసు లైటుంది. ఆయన పోయాక వెలిగించలేదు. అది పెట్టుకుందురుగాని. నూనె మాత్రం మీరే తెచ్చుకోవాలండీ." కాసేపాగి, "ఆవిడక్కూడా రావాలనుంటే తీసుకురండి" అంది.

ఆవిడంటే నేను. పది నెలల్లో మా అక్క నోట నా గురించి వచ్చిన మొదటి మాట ఆ "ఆవిడ". నేను లేచి వంటింట్లోకి వెళ్లి ముక్కు చీదుకుని వచ్చాను. లైటుకి సరైన నూనె నేనే పట్టుకెళ్లాలని, ఈ పని మాత్రం చెడగొట్టుకోకూడదని గట్టిగా అనుకున్నాను. ముప్పై ఏళ్లు ఏది ఏ వేడికి అంటుకుంటుందో పాఠం చెప్పినదానికి ఒక లీటరు నూనె ఎంచుకోవడం ఓ లెక్కా అనుకున్నాను.

అక్కడే మొదలైంది గందరగోళం. అసలు పేర్లు పెట్టినవాళ్లని వరసగా నిలబెట్టి అడగాలి. గ్యాసు లైటులో గ్యాసు ఉండదు, కిరసనాయిలు పోస్తారు. కిరసనాయిల్ని మా అల్లుడు వాళ్ల ఊళ్లో గ్యాస్ నూనె అంటారు. అతను తెచ్చుకున్న విదేశీ స్టవ్వు కాగితం మీద "వైట్ గ్యాస్" వాడాలని రాసుంది, అది గ్యాసు కాదు, పెట్రోలు లాంటి ద్రవం. అమెరికాలో పెట్రోల్నే గ్యాసు అంటారట. ఇన్ని గ్యాసుల్లో ఒక్కటీ గ్యాసు కాదు.

ఇవన్నీ నేను వివరంగా చెప్పేలోపే అల్లుడు, "పరేషాన్ గాకుండ్రి అత్తమ్మా, నేను తెస్త" అని బండేసుకుని వెళ్లిపోయాడు. కిరాణా కొట్లో గ్యాస్ నూనె అడిగాడు. వాళ్లు మర్యాదగా గ్యాసు ఏజెన్సీకి దారి చూపించారు. ఏజెన్సీలో పుస్తకం ఏదన్నారు. నాకు గ్యాసు వద్దు, నూనె కావాలన్నాడు. వాళ్లు ఇంకా మర్యాదగా నూనెల కొట్టుకి పంపారు. అక్కడ నువ్వుల నూనె, వేరుశనగ నూనె, ఆముదం చూపించి, దీపానికైతే ఆముదం శ్రేష్ఠమండీ అన్నారు.

అల్లుడు చదువుకున్నవాడు. రోడ్డు పక్కన నిలబడి ఫోను తీసి, ఇలాంటి లైటుకి ఏం పోస్తారో వెతికాడు. ఎవరో ఇంగ్లండు పెద్దమనిషి రాసింది దొరికింది. మంచి "పారఫిన్" వాడాలని, అది స్వచ్ఛంగా, వాసన లేకుండా ఉండాలని ఉందట. పారఫిన్ ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఎదురుగా మందుల కొట్టు చూపించారు. నిజమే, దొరుకుతుంది. రెండు పెద్ద సీసాలు కొన్నాడు. ఇంకా ఉన్నాయా అని కూడా అడిగాడట.

ఇంగ్లండులో పారఫిన్ అంటే కిరసనాయిలు. మన మందుల కొట్లో లిక్విడ్ పారఫిన్ అంటే విరేచనం కానివాళ్లు రాత్రి పడుకునేముందు తాగేది. కొట్టాయన అతన్ని పాపం అన్నట్టు చూసి, "ఎన్నాళ్లయిందండీ?" అని అడిగాడట. మా అల్లుడు, "పది నెలలయిందంట. అప్పటిసంది వెలిగించలే" అన్నాడట.

సీసాలు చూసి నేను నెత్తి కొట్టుకున్నాను. "ఇది దీపానిక్కాదండీ అల్లుడుగారూ, కడుపుకి" అన్నాను. అతను ముందు నమ్మలేదు. సీసా మీద చదివి, ఎర్రబడి, కుర్చీలో కూలబడి, "అందుకేనా అట్ల చూసిండు" అన్నాడు.

మరి పెట్రోలు పోస్తే ఏమవుతుందని అడిగాడు. కూర్చోబెట్టి పాఠం చెప్పాను. పెట్రోలు అగ్గిపుల్ల దగ్గరికొచ్చేదాకా ఆగదు, దాని ఆవిరే ముందుకెళ్లి అంటించుకుంటుంది. గాలి కొట్టే ట్యాంకులో దాన్ని పోస్తే లైటు కాదు, బాంబు. డీజిలు దీనికి సరిగ్గా ఆవిరి కాదు, పొగ చూరి సన్న కంతలు మూసుకుపోతాయి. థిన్నరు కూడా పెట్రోలు దారే. కిరసనాయిలైతే చల్లగా ఉన్నప్పుడు మంచితనంగా ఉంటుంది. వేడి చేస్తేనే ఆవిరవుతుంది. ఆ వేడి కోసమే లైటులో ఒక చిన్న గిన్నె ఉంటుంది, అందులో కాస్త స్పిరిట్ పోసి ముందు దాన్ని మండించాలి. అల్లుడు బుద్ధిగా తలూపుతూ ఫోనులో రాసుకున్నాడు. నా క్లాసులో అంత శ్రద్ధగా రాసుకున్నవాళ్లు లేరు.

ఆ మర్నాడు నేను తొమ్మిది కొట్లు తిరిగింది అందుకే. కొత్తిమీర మనిషిని చూసింది అప్పుడే. పాత రేషను డీలరు ఒకాయన ఉంటే ఆయన దగ్గరికీ వెళ్లాను. పెద్దాయన, పాత కాలం మర్యాద. "నిండుకుందండీ అమ్మా" అన్నాడు. ఆ మాట విని ఎన్నేళ్లయిందో! కోపం రావలసింది పోయి మా అమ్మ గుర్తొచ్చి, మంచినీళ్లడిగి తాగి వచ్చేశాను. పెయింట్ల కొట్టాయన థిన్నరు డబ్బా ముందు పెట్టి, "ఇది ఇంకా బాగా మండుతుందండీ" అన్నాడు. బాగా మండడమే దాని తప్పని ఆయనకి చెప్పాలంటే బ్లాక్ బోర్డు కావాలి.

చివరికి స్పిరిటైనా కొందామని ఆ మందుల కొట్టుకే వెళ్లాను. కొట్టాయన నాకు తెలిసినవాడే, వాళ్ల పెద్దవాడు నా స్టూడెంటు. సర్జికల్ స్పిరిట్ ఒక సీసా, దూది ఒక చుట్ట ఇమ్మన్నాను. ఆయన ముఖం దిగులుగా పెట్టాడు. "నిన్న అల్లుడుగారు రెండు సీసాలు పట్టుకెళ్లారు. ఇవాళ స్పిరిటూ, దూదీ. మరీ అంత కష్టపడుతున్నారాండీ?" అన్నాడు. అది లైటు కోసమని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. ఆఖర్న, "ఏదైనా మొహమాటపడకుండా డాక్టరుకి చూపించండమ్మా" అన్నాడు.

నా ఉద్యోగ జీవితం నాకు నేర్పిన అసలు పాఠం ఒకటుంది, ఎక్కడా దొరకనిది ల్యాబులో ఉంటుంది. ఆ రాత్రి నిద్రపోయేముందు అది తట్టింది. సోడియం! సోడియాన్ని గాలీ నీళ్లూ తగలకుండా కిరసనాయిల్లో ముంచి ఉంచుతారు. అంటే మా వైపు మనుషులకి కిరసనాయిలు ఆగిపోయినా సోడియానికి మాత్రం ఆగలేదన్నమాట.

పొద్దున్నే అల్లుడి కారులో సామానంతా వేసుకుని తాడేపల్లిగూడెం వెళ్లాం. ల్యాబు అటెండరు ఇరవై ఏళ్లు నాతో పనిచేసినవాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు. కిరసనాయిలు కావాలన్నాను.

"ఇప్పుడే అయిపోయిందండీ మేడమ్" అన్నాడు.

అతని వెనక బల్ల కింద డబ్బా కనబడుతోంది. నేను దాన్ని చూశాను. అతను నేను చూడడం చూశాడు.

"అంటే మనకి కాదండీ, బయటివాళ్లకండీ" అన్నాడు.

కొత్త డబ్బా వచ్చిందట, ఇది పాతది, పారబొయ్యాలని పక్కన పెట్టారట. ఇప్పుడు నా స్థానంలో ఉన్న మేడమ్ గారి గదిలోకి వెళ్లి అడిగొచ్చాడు. పట్టుకెళ్లమన్నారు. నేను ఒక చుక్క కాగితం మీద వేసి చూశాను. మెల్లగా ఆరిపోయి మరక మిగల్లేదు, డీజిలు కలవలేదు. అడుగున మాత్రం కొంచెం నలక ఉంది. పాత పంచె గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టుకున్నాను. సరిపోతుందనుకున్నాను. ఎన్ని మడతలైనా పాత డబ్బా పాత డబ్బాయేనని నాకు తెలిసుండాల్సింది.

గణపవరం, ఆకివీడు మీదుగా మధ్యాహ్నానికి కొల్లేటికోట చేరాం. అక్క గట్టు మీదే నిలబడి ఉంది. చిక్కిపోయింది. 

"రండి బాబూ. ప్రయాణం కులాసాగా జరిగిందాండీ? ఆవిడని కాళ్లు కడుక్కోమనండి" అంది.

నేను అక్కకి రెండు మూరల దూరంలో ఉన్నాను.

అల్లుడు అటూ ఇటూ చూశాడు. "అత్తమ్మా, కాళ్లు కడుక్కోమంటున్నరు" అన్నాడు.

"వినబడిందండీ. కడుక్కుంటానని చెప్పండి" అన్నాను.

భోజనాల దగ్గరా అంతే. నాకెదురుగా కూర్చుని నా కంచంలో వడ్డిస్తూ, "పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో అడగండి బాబూ" అంది. ఉప్పు సగానికి సగం తక్కువ. నా నోటికి అలవాటైన జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "సరిపోయిందని చెప్పండి" అన్నాను. అల్లుడు ఉప్పు డబ్బా వైపు ఆశగా చూస్తూ, "సరిపోయిందంట పెద్దత్తమ్మా" అన్నాడు.

పొద్దు వాలుతుంటే అతను గట్టు మీద గుడారం వేశాడు. అక్క అటక మీంచి లైటు దింపించింది. ఇత్తడి ట్యాంకు, పది నెలల దుమ్ము. మంటకి తొడిగే గుడ్డ వల, మేంటిలు, మాత్రం కొత్తది, పొట్లంలోదే. నేను చిమ్నీ గాజు కడిగి తెస్తానని నీళ్ల దగ్గరికి వెళ్లాను. నేను వెనక్కి వచ్చేసరికి అల్లుడు గొంతుకూర్చుని, చెమటలు కారుస్తూ పంపు కొడుతున్నాడు. స్పిరిటు అప్పటికే రెండుసార్లు కాలిపోయింది. లైటులోంచి బుస్సుమని గాలి తప్ప ఏమీ రావడం లేదు.

"నూనె పోశారాండీ?" అన్నాను.

"పోసుడెందుకు? నిండుగున్నదంట గదా!"

"ఎవరన్నారు?"

"పెద్దత్తమ్మనే. ట్యాంకుల నూనె ఎంతున్నదని అడిగితే నిండుకున్నది అన్నరు. అందుకే మన డబ్బా కార్ల పెట్టేసిన."

లైటు పట్టుకుని ఎత్తాను. ఖాళీ గిన్నె లేచినట్టు లేచింది. నాకు నవ్వు ఆగలేదు. గట్టు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను. అక్క ముఖం తిప్పుకుంది కానీ పెదవి కొస కదలడం చూశాను. "అంత నవ్వాల్సిందేం లేదని ఆవిడకి చెప్పండి" అంది.

అల్లుడు కారులోంచి డబ్బా తెచ్చాడు. నూనె పోశాం. స్పిరిటు వెలిగించాం. మేంటిలు మొదట నల్లగా మాడి, తెల్లటి బూడిద గూడులా నిలబడి, భగ్గున వెలిగింది. గట్టు, వలలు, చెరువులో నీళ్లు, అన్నీ తెల్లగా బయటికొచ్చాయి. అక్క లేచి వెళ్లి అరుగు మీద కరెంటు దీపాలు తీసేసింది. మళ్లీ వచ్చి కూర్చుంది.  ఆ బుసబుస చప్పుడు వింటూ కూర్చున్నాం.

పది నిమిషాలు కాలేదు, లైటు దగ్గడం మొదలుపెట్టింది. పసుపచ్చగా అయింది. ఇంకాస్త తగ్గింది. పాత డబ్బా నలక పోయి నూనె చిమ్మే సన్న కంతలో కూర్చుంది. నా పంచె గుడ్డ, నా నాలుగు మడతలు! నన్ను నేను తిట్టుకుంటూ గాలి తీసేశాను.

"ఇప్పుడెట్ల అత్తమ్మా?" అన్నాడు అల్లుడు.

"పిన్ను కావాలండీ. దీనికి సన్న తీగ మొనతో ఒక పిన్నుంటుంది. దాంతో పొడిస్తే కంత శుభ్రమవుతుంది. లేకపోతే ఇంతే" అన్నాను.

అక్క నా వైపు చూడకుండా అతనితోనే చెప్పింది. "పిన్ను ఎక్కడ పెట్టారో ఆయనకే తెలుసు బాబూ. పది నెలల్నించీ వెతుకుతున్నాను. అటక దించాను, పెట్టెలు దించాను. ఆయన లైటు ఒక్కసారి వెలిగించుకుందామంటే, మధ్యలో ఇలా ఆగిపోతే పిన్నుండాలి కదా, నాకు అది దొరకలేదు."

 బావగారు చెప్పమన్న పనికిమాలిన మాట అదే. పది నెలలు అక్క ఇల్లంతా వెతికింది నా దగ్గరున్నదాని కోసం.

"అల్లుడుగారూ, పిన్ను కళ్లజోడు పెట్టెలో ఉందని చెప్పండి" అన్నాను.

"పెద్దత్తమ్మా, పిన్ను కళ్లజోడు పెట్టెల ఉన్నదంట."

 "ఆవిడకెవరు చెప్పారో అడగండి" అంది.

"ఎవరు చెప్పిన్రు అత్తమ్మా?"

"బావగారు. ఆ రోజు పొద్దున్న. అక్కకి చెప్పమన్నారు."

అల్లుడికి అప్పుడు అర్థమైంది తను మోస్తున్నదేమిటో. అంతసేపూ మాకు తంతి తీగలా పనిచేసినవాడు తలొంచుకున్నాడు. గొంతు బాగా తగ్గించి, "పెదమామనే చెప్పిన్రంట. ఆ రోజు పొద్దుగాల. మీకు చెప్పమన్నరంట" అన్నాడు.

అక్క లేచి లోపలికి వెళ్లింది. బావగారి కళ్లజోడు ఆసుపత్రినించి నా చేతి సంచిలో వచ్చింది. పెట్టె మాత్రం ఇంట్లోనే అద్దం కింద గూట్లో ఉంది. కళ్లజోడు బయటుంటే ఖాళీ పెట్టెలో ఇంకేముంటుందని ఆవిడ దాన్ని ఒక్కసారీ తెరవలేదు. లోపల టక్కుమని మూత చప్పుడు వినబడింది.  నాకు లోపలికి వెళ్లాలనిపించింది, ధైర్యం చాలలేదు.

అక్క కళ్లు తుడుచుకుని వచ్చి అరచేయి చాపింది. పిన్ను అల్లుడికిచ్చింది, అల్లుడు నాకిచ్చాడు. కంత శుభ్రం చేశాను. ఈసారి ట్యాంకు వంచేసి, డబ్బా పైనుంచి తేట నూనె మాత్రమే పోశాను. ఇందాకటికన్నా తెల్లగా వెలిగింది. అక్క దాని వైపు చూస్తూ కూర్చుంది, నేను అక్క వైపు చూస్తూ కూర్చున్నాను.

కబురు అందింది. మాట మాత్రం ఇంకా కలవలేదు. నేను లేచి గిన్నెలు తోముదామని కుళాయి దగ్గరికి వెళ్లాను.

వెనకనించి అక్క గొంతు వినబడింది. "చాలు బాబూ, పురుగులు ముసురుతున్నాయి. దీపం ఘనం చెయ్యండి."

"ఘనంగ చేస్త పెద్దత్తమ్మా" అన్నాడు అల్లుడు. లైటు పంపు చప్పుడు మొదలైంది.

నా చెవికి ఏదో తేడాగా తగిలింది కానీ, చేతినిండా బూడిద, కుళాయి ధార. లైటు ఇంకా ప్రకాశించింది.

"బాబూ, ఘనం చెయ్యమన్నానండీ."

"చేస్తున్న పెద్దత్తమ్మా!" పంపు జోరు పెరిగింది. బుస కాస్తా ఈలయింది. అవతలి గట్టు మీద కొబ్బరిచెట్లు కూడా కనబడుతున్నాయి.

"అయ్యో, ఘనం! ఘనం బాబూ!"

ఇంతటి ఉత్సాహం పెద్దావిడకి ఉందనుకున్నాడేమో, పిల్లవాడు మోకాళ్ల మీద నిలబడి రెండు చేతులా కొట్టాడు. నేను గిన్నె వదిలేసి పరిగెత్తేసరికి మేంటిలు చిరిగిపోయింది. మంట పసుపచ్చగా లైటు టోపీ మీదకి లేచి, పక్కనున్న గుడారం రెక్కని నాకింది. నైలాను ముడుచుకుపోయి, కన్నం పడి, కన్నం పెద్దదవుతోంది. అల్లుడు, ఇదే ఘనమేమో అన్నట్టు ఇంకా పంపు పట్టుకునే ఉన్నాడు.

మా అక్క జన్మలో పలకని మాట అప్పుడు పలికింది. నా కళ్లలోకి చూసి, గట్టు దద్దరిల్లేలా అరిచింది.

"ఆర్పవే! ఆర్పెయ్యవే దిక్కుమాలినదానా!"

నేను గాలి స్క్రూ తిప్పేశాను. ట్యాంకు పెద్దగా నిట్టూర్చింది. మంట కూర్చుంది, నీలమైంది, పోయింది. చెరువు నీళ్లు ఒక చెంబు గుడారం మీద కొట్టాను. చుట్టూ చీకటి. నైలాను కాలిన కంపు.

"ఆర్పేశాను" అనాలి నేను. అరవయ్యేళ్లుగా అదే అన్నాను. కానీ నా నోట వచ్చింది అది కాదు.

"ఘనమైందక్కా" అన్నాను.

చీకట్లో అక్క నవ్వడం మొదలుపెట్టింది. ముందు చిన్నగా, తరవాత ఊపిరాడకుండా. నేనూ నవ్వాను. ఇద్దరం ఒకరి భుజం ఒకరం పట్టుకుని నిలబడ్డాం. కొంతసేపయ్యాక చూస్తే ఆవిడ ఏడుస్తోంది, నేనూ ఏడుస్తున్నాను. ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలైందో తెలియదు.

అల్లుడు పాపం ఫోను లైటు వేసుకుని గుడారం కన్నంలో తల దూర్చి చూస్తున్నాడు. "బాబూ, అది కూడా కాస్త ఘనం చెయ్యండి" అంది అక్క. అతను ఫోనుకేసి చూశాడు, నా కేసి చూశాడు, ఒక్క క్షణం ఆలోచించి లైటు తీసేశాడు. కారులో ఏదో మరిచిపోయానని అటు వెళ్లిపోయాడు.

మేమిద్దరం గట్టు మీద కూర్చున్నాం. అక్క పిన్ను వేళ్ల మధ్య తిప్పుతోంది.

"ఆయన ఇంకేమన్నారే?" అంది. "ఆ పొద్దున్న లేచిన దగ్గర్నించీ చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. మెత్తగా చెప్పక్కర్లేదు."